రసీదు తీసుకున్న కుట్ర

కుట్ర అంటే తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి చేసేదని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని. మా నాన్న మీద పోలీసులు మోపిన కుట్ర మాత్రం మూడు ప్రతుల్లో ఉంది. కార్బన్ పేపరు పెట్టి రాసి, ఒక ప్రతి కాలువల ఆఫీసులో ఇచ్చి, ఇంకోటి పై ఆఫీసుకి పోస్టు చేసి, మూడోదాని మీద ‘అందినది’ అని ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చి దాచారు. ఎస్సై గారు వచ్చి, “మాస్టారూ, ఈ గొడవకి సంబంధించిన కాగితం ఏదన్నా మీ దగ్గరుందా?” అంటే, “ఎందుకుండదండీ” అంటూ బీరువాలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది కూడా నాన్నే. మా అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చిందట. ఆ కాగితమే తర్వాత కోర్టులో మొదటి ఎగ్జిబిట్ అయింది.

అది తొంభైల చివరి మాట. అప్పటికి నేను బందరులో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర జూనియర్ని. మా ఊరు దివిసీమలో, కాలువకి చిట్టచివర. నాన్న అక్కడే ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు. మాకు సెంటు భూమి లేదు. తాతల నాటి నుంచీ కలం పట్టుకుని బతికిన ఇల్లు. ఊళ్లో ఎవరికి అర్జీ కావాలన్నా మా అరుగు మీదకే వచ్చేవాళ్లు. నాన్న వాళ్లు చెప్పింది విని, రాసి, పైకి చదివి వినిపించి, సంతకాలు పెట్టించి, చివర ఎడంపక్క ‘దస్తూరి’ అని తన సంతకం చేసేవారు. కాగితం రాసిచ్చినవాడు అలా పెట్టడం పాత పద్ధతి. మాటలు వాళ్లవి, చేతిరాత మాత్రం నాది అని దానికి అర్థం.

ఆ ఏడు సార్వా పంటకి కాలువ నీళ్లు పై ఊళ్ల దాకా నిండుగా వచ్చేవి. మా లాకు దగ్గర షట్టరు దించి ఉండేది. దాని కింద మా పంటకాలువలో పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్లు. చేలేమో పొట్ట మీదున్నాయి. ఆ పదిహేను రోజులూ తడి లేకపోతే కంకి తాలుగా వస్తుంది. బోరు వేసుకుందామంటే సముద్రం పక్కన మాకు పడేది ఉప్పునీళ్లే. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన పదకొండుమంది రైతులు ఒకరోజు పొద్దున్నే మా అరుగెక్కారు.

నాన్న రాసిన అర్జీలో రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ‘మా వంతు నీరు మాకు ఇప్పించవలెను, పై రైతుల వంతులో చుక్క కూడా మాకు అక్కరలేదు’ అన్నది ఒకటి. ‘మూడు దినములలో నీరు వదలనిచో లాకు వద్ద షట్టరు మేమే ఎత్తుకొనగలమని అందరమూ ఏకగ్రీవముగా తీర్మానించుకున్నాము’ అన్నది రెండోది.

నాలుగోరోజు మధ్యాహ్నం షట్టరు లేచింది. పొద్దు వాలేలోగా మా చేలకి నీళ్లెక్కాయి. ఆ పంట దక్కింది. మర్నాడు కాలువల ఆఫీసు నుంచి పోలీస్ స్టేషన్‌కి ఫిర్యాదు వెళ్లింది. సాగునీటిని అక్రమంగా మళ్లించినందుకు ఒక సెక్షను, అందుకు కుట్ర చేసినందుకు నూట ఇరవై బి. ముద్దాయిలు పన్నెండుమంది. కాగితం రాసిన బుర్ర కాబట్టి నాన్న ఏ-వన్. చార్జిషీటు పడగానే ఆయన్ని సస్పెండ్ చేశారు. ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. రైతులకి శిక్ష పడితే జరిమానాతో పోవచ్చు, మా నాన్నకి శిక్ష పడితే ఉద్యోగం పోతుంది. బడి తప్ప ఇంకో ప్రపంచం ఎరగని మనిషి. ఆదివారం కూడా వెళ్లి మొక్కలకి నీళ్లు పోసొచ్చేవారు.

“ఇంట్లోవాళ్ల కేసు మనం చెయ్యకూడదమ్మా. కోపం అడ్డొస్తుంది,” అన్నారు మా సీనియరు గారు.

“కోపం ఉన్నవాళ్లే చెయ్యాలండీ దీన్ని,” అన్నాను.

ఆయన నవ్వలేదు. పాత కాజ్‌లిస్టు ఒకటి వెనక్కి తిప్పి నా ముందు పడేసి, “నూట ఇరవై ఏ. కుట్రంటే ఏంటో చెప్పేది అదే. ముక్కలు చెయ్యి,” అన్నారు. సెక్షన్ని ముక్కలు చెయ్యడం ఆయన దగ్గర మొదటి పాఠం. ప్రాసిక్యూషను ప్రతి ముక్కా రుజువు చెయ్యాలి, ఒక్కటి తప్పినా కేసు నిలవదు. రాశాను. మనుషులు ఇద్దరికి తగ్గకూడదు. ఒక్కడే కూర్చుని వందసార్లు అనుకున్నా కుట్ర కాదు. వాళ్ల మధ్య ఒప్పందం ఉండాలి; ఒకే కోరిక ఉండటం, ఒకే చోట కనపడటం చాలదు, మనసులు కలవాలి. ఆ ఒప్పందం చట్టం వద్దన్న పని కోసమైనా అయ్యుండాలి, మంచి పనినే చట్టం వద్దన్న దారిలో చెయ్యడానికైనా అయ్యుండాలి. అనుకున్న పని నేరమే అయితే, అనుకోవడంతోనే కుట్ర పూర్తవుతుంది, వేలు కదపనక్కర్లేదు. నేరం దాకా వెళ్లని ఉత్త చట్టవిరుద్ధమైన పనైతే, ఆ ఒప్పందం ప్రకారం వాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసినట్టు కూడా చూపించాలి.

“ఒప్పందానికి కాగితం ఉండాలాండీ?” అని అడిగాను.

“ఎవడు రాసుకుంటాడమ్మా? తలూపితే చాలు. తలూపకపోయినా నడిచిన తీరుని బట్టి తేల్చుకోవచ్చు. మధ్యలో వచ్చి కలిసినవాడు కూడా కుట్రదారే. నా సర్వీసులో కుట్రకి రసీదు తీసుకుంది మీ నాన్న గారొక్కరే,” అన్నారు. అప్పుడు మాత్రం నవ్వారు.

రెండో ముక్క దగ్గర నాకు దారి కనిపించింది. నాన్న రైతు కాదు, చేను లేదు, నీళ్లతో పని లేదు. సంతకం చేసింది దస్తూరి కింద. వాళ్ల ఒప్పందాన్ని రాసిపెట్టినవాడు ఆ ఒప్పందంలో భాగం ఎలా అవుతాడు? డాక్యుమెంటు రాసిన రైటరు పొలం అమ్మినవాడవుతాడా? ఆ శనివారమే అవనిగడ్డ బస్సెక్కాను. పులిగడ్డ అక్విడక్టు దాటేసరికి నా బుర్రలో వాదన మొత్తం తయారైపోయింది. గెలిచేశామన్నంత సంబరంగా ఇంట్లో అడుగుపెట్టాను.

నాన్న అంతా శ్రద్ధగా విన్నారు. పిల్లలు ఎక్కం ఒప్పజెపుతుంటే వినేటట్టు, మధ్యలో అడ్డు రాకుండా.

“బాగానే ఉందమ్మా. కానీ ‘షట్టరు మేమే ఎత్తుకుంటాం’ అన్న వాక్యం నాదే,” అన్నారు చివరికి.

“మీదేంటి?”

“వాళ్లు ‘మూడ్రోజుల్లో ఇవ్వకపోతే ఏదో ఒకటి చేస్తాం’ అని రాయమన్నారు. అర్జీలో ‘ఏదో ఒకటి’ అని ఉంటే ఏం బాగుంటుంది? ఏం చేస్తారో స్పష్టంగా ఉండాలి కదా. నేనే మార్చాను. ‘ఏకగ్రీవముగా’ కూడా నేనే వేశాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగో తరగతి కాంపోజిషన్ దిద్దినట్టు దిద్ది, పదకొండుమంది నసుగుడుని ముద్ర వేయించిన నేరంగా మార్చిన మనిషి నా ఎదురుగా నిమ్మళంగా కూర్చున్నారు. “ఆ సంగతి కోర్టులో ఎవరడుగుతారు? మీరు దస్తూరి రాశానని మాత్రం చెప్పండి. అది నిజమే కదా!” అని అరిచాను.

“సగం నిజం. నాకు ఒప్పుదల లేకుండా రాశానని ఎలా చెప్పను? ఒప్పుకున్నాను కాబట్టే అంత బాగా రాశాను. నన్ను పక్కకి తీసి వాళ్లని నిలబెట్టే వాదన నాకొద్దు,” అన్నారు. ఆ మీదట ఆయన్ని కదపడం మా అమ్మ వల్ల కూడా కాలేదు.

సరే, రెండో ముక్క పోయింది. ఇంకో ముక్క పట్టుకుందామనుకున్నాను. అసలు షట్టరు ఎత్తింది ఎవరు? పోలీసుల దగ్గర చూసిన సాక్షి లేడు. లాకు దగ్గర షట్టర్లు ఎత్తడం, దించడం లస్కరు పని. అతను అన్నానికి వెళ్లాననీ, తిరిగొచ్చేసరికి షట్టరు లేచి ఉందనీ స్టేట్‌మెంటు ఇచ్చాడు. ఆ షట్టరు సంగతి తెలుసుకోవడానికి గుడివాడ వెళ్లాను. మేము మావయ్యా అని పిలిచే ఒకాయన అక్కడ ఉండేవారు, కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. రైల్వే స్టేషన్ దగ్గర వాళ్ల డాబా మీద కూర్చోబెట్టి, నేను చెప్పిందంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగారు.

“గేరు పళ్లేమన్నా విరిగినయ్యా?”

“లేదండీ. డ్యామేజీ ఏమీ లేదని ఫిర్యాదులోనే ఉంది.”

“అయితే ఎత్తింది రైతులు కాదమ్మాయ్. అది పాత గేరు. హ్యాండిలు ఎక్కడ బిగించి పట్టాలో, ఎక్కడ వదిలి మళ్లీ అందుకోవాలో తెలియాలి. తెలీనోడు నాలుగు చుట్లు తిప్పితే పళ్లు పుటుక్కుమంటాయి. దాన్ని పాడవకుండా ఎత్తేది రోజూ ఎత్తేవాడే.”

గుడివాడ నుంచి ఇంటికి వెళ్లే దారి పొడుగునా ఆ మాటే నమిలాను. నాన్నని సూటిగా అడిగాను. ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత జరిగింది చెప్పారు. ఆ మధ్యాహ్నం పదకొండుమందీ గడ్డపారలతో లాకు దగ్గరికి వెళ్లారు. నాన్న కూడా వెళ్లారు, లంచ్ బెల్ కొట్టాక. గేరుకి గడ్డపార అడ్డం పెట్టి లేపబోతుంటే, అన్నం తింటున్న లస్కరు ఎంగిలి చేత్తో పరిగెత్తుకొచ్చాడు. “ఓరి మీ దుంపతెగ, పళ్లు ఇరగ్గొడతారా ఏంటి, తప్పుకోండి!” అని వాళ్లని పక్కకి తోసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, హ్యాండిలు బిగించి తనే తిప్పాడు. షట్టరు మొత్తం లేచాక గానీ తను చేసిన పనేమిటో అతనికి తోచలేదు. తోచాక అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. అతను ఇంకా పర్మనెంటు కాలేదు. ముగ్గురు ఆడపిల్లలు. పెద్దది మా నాన్న బళ్లోనే మూడో తరగతి.

“అతను అన్నానికి వెళ్లాడు. మాకు అంతే తెలుసు. అందరం అదే అనుకున్నాం,” అన్నారు నాన్న.

“కాగితం రాసుకున్నారా దీనికి?” అన్నాను వెటకారంగా.

“లేదమ్మా. ఎవరూ ఎవరికీ చెప్పను కూడా లేదు. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం, అంతే.”

నేను తల పట్టుకు కూర్చున్నాను. కేసు మొత్తం నా గుప్పిట్లో ఉంది. షట్టరు ఎత్తే అధికారం ఉన్న మనిషే ఎత్తాడు. ఆ ఒక్క సంగతి కోర్టులో బయటపడితే ముద్దాయిలు ఎత్తారన్న మాటే ఉండదు, ప్రాసిక్యూషను సొంత సాక్షితోనే కేసు కూలిపోతుంది. నాన్న వచ్చే నెలలో బళ్లో ఉంటారు. లస్కరు ఆ సాయంత్రానికే ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటాడు.

“నేను అడుగుతాను. నేను మీ లాయర్ని, అతని లాయర్ని కాదు,” అన్నాను.

“నా ఉద్యోగం పోతే నేను రాసిన కాగితం వల్ల పోతుంది. అతనిది నా కూతురు అడిగిన ప్రశ్న వల్ల పోకూడదు. తర్వాత నీ ఇష్టం,” అని లేచి స్నానానికి వెళ్లిపోయారు. ఇష్టం నాకు వదిలేసి వెళ్లినందుకు ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

అవనిగడ్డ కోర్టులో లస్కరు సాక్ష్యం వచ్చిన రోజున మా సీనియరు గారు కావాలనే రాలేదు. క్రాస్ నేనే చెయ్యాలి. లస్కరు ఇస్త్రీ చొక్కా వేసుకుని బోనెక్కాడు. ప్రభుత్వ ప్లీడరు అడిగినదానికి స్టేట్‌మెంటులో ఉన్నదే చెప్పాడు. అన్నానికి వెళ్లానండీ, వచ్చేసరికి లేచుందండీ, ఎవరెత్తారో చూళ్లేదండీ. చెబుతున్నంతసేపూ బోను కర్రని గట్టిగా పట్టుకున్నాడు. మధ్యలో ఒకసారి పట్టు మార్చినప్పుడు, హ్యాండిలు తిప్పి తిప్పి అరచేతుల్లో లేచిన కాయలు కనిపించాయి. నేను లేచాను. వెనక బెంచీ మీద పన్నెండుమందీ ఊపిరి బిగబట్టారని వెనక్కి చూడకుండానే నాకు తెలుస్తోంది. నోట్‌బుక్కులో మొదటి ప్రశ్న రాసుకునే వచ్చాను: ‘ఆ గేరును తెలియనివాళ్లు తిప్పితే ఏమవుతుంది?’ దాని తర్వాత ఇంకో మూడు ప్రశ్నలు. నాలుగోదానికి అతను ఏడ్చి ఒప్పేసుకుంటాడు. అంత గట్టిగా అల్లుకున్నాను.

అతను నా వైపు చూశాడు. దణ్ణం పెట్టలేదు, బతిమాలలేదు. కొట్టబోయే చెయ్యి వైపు చూసినట్టు చూశాడు.

“నాలుగోరోజు పై ఊళ్ల చేలకి నీళ్లు తగ్గినట్టు నీ దగ్గరికి ఎవరన్నా వచ్చి చెప్పారా?” అని అడిగాను.

“లేదండీ. ఎవరూ రాలేదండీ.”

“తర్వాత రోజుల్లో?”

“లేదండీ.”

“ఇంకేం లేవు యువర్ ఆనర్,” అని కూర్చున్నాను. ఆ నిమిషంలో నేనూ వాళ్లలో కలిసిపోయాను. పదమూడోదాన్ని. మాట లేదు, కాగితం లేదు. మా సీనియరు గారు చెప్పిన ఒప్పందానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు మళ్లీ దొరకలేదు. ముద్దాయి తరఫు లాయరు ఒక ప్రశ్న అడగకపోవడం చట్టం వద్దన్న పనేమీ కాదు, ఆ లెక్కన నేను చేసింది నేరం కాదు. ఒకవేళ అయినా నేను అడిగేదాన్ని కాదు. వాదించి గెలవాలన్న కసి నాకు అప్పుడు పుట్టింది. ఆ సులువైన దారి మూసుకున్నాక, కష్టమైన దారిలో గెలిచి తీరాలనుకున్నాను.

ఆ కోర్టులో గెలవలేదు. నాన్న తన వంతు వచ్చినప్పుడు, “రాసింది నేనే, అందులో ఉన్నదానికి నేనూ ఒప్పుకున్నాను,” అని ఖంగుమని చెప్పారు. అర్జీలో ఏం చేస్తామన్నారో నాలుగోరోజు అదే జరిగింది కాబట్టి వీళ్లే చేశారని మేజిస్ట్రేటు గారు తీర్పు చెప్పారు. కోర్టు లేచేదాకా ఖైదు, జరిమానా. రైతులు హమ్మయ్య అనుకున్నారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని, జరిమానా కట్టి, బస్సెక్కేశారు. అదే శిక్షకి నాన్న ఉద్యోగం పోయింది. ఆర్డరు వచ్చిన రోజు ఆయన బడి తాళంచెవులు రుమాలులో చుట్టి ఇచ్చేసి వచ్చారు.

నేను బందరు జిల్లా కోర్టులో అప్పీలు వేశాను. రైతులు కూడా, “మాస్టారొక్కరే ఎందుకు, మేమూ ఉంటామమ్మా” అని సంతకాలు పెట్టారు. ఏడాదిపైగా వాయిదాలు. ఆ ఏడాదంతా వేరే పని పెట్టుకోకుండా సెక్షన్ని మళ్లీ మళ్లీ ముక్కలు చేశాను. ఒప్పందం ఉంది, ఒప్పుకుంటున్నాను, అని మొదలుపెట్టాను వాదన. జడ్జి గారు తలెత్తి చూశారు. ఒప్పందం దేనికి? నీటి సెక్షను కింద నేరం కావాలంటే, ఎదుటివాళ్ల నీళ్లు తగ్గుతాయని తెలిసి చెయ్యాలి. చుక్క కూడా అక్కరలేదని ఆ కాగితంలోనే ఉంది. తగ్గాయంటూ ఎవరూ రాలేదని లస్కరు చెప్పాడు. కాబట్టి అనుకున్నది నేరం కాదు. పోనీ, అనుమతి లేకుండా ఎత్తడం ఉత్త చట్టవిరుద్ధమైన పని అంటారా? అలాగైతే ముద్దాయిల్లో ఎవరో ఒకరు ఆ పని చేసినట్టు చూపించాలి. చూసినవాడు ఒక్కడూ లేడు. ఏ సంగతి దాచడానికి నేను నోరు నొక్కుకున్నానో, ఆ ఖాళీయే అక్కడ మాకు అక్కరకొచ్చింది. జడ్జి గారు రెండు మాటలూ ఒప్పుకుని అందరి మీదా కేసు కొట్టేశారు.

ఆ మధ్యలోనే లస్కరు పర్మనెంటు అయ్యాడు. మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. రోడ్డు మీద నేను ఎదురుపడితే సైకిలు దిగి, కాలువ వైపు తిరిగి నిలబడేవాడు. వచ్చి పలకరిస్తే ఎవరికైనా అనుమానం వస్తుందని భయం. నేనూ పలకరించలేదు.

తీర్పు కాపీ చేతికొచ్చిన రోజునే ఇంటికి తీసుకెళ్లాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా, ఒక్క పేరా వదలకుండా చదివారు. మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. మొహం వెలిగిపోయింది. “అయితే రేపు ప్రేయరు టైముకి నేను...” అని ఆగిపోయారు. అప్పటికి ఆయనకి రిటైరయ్యే వయసు, యాభై ఎనిమిది, నిండి నాలుగు నెలలైంది. రావాల్సినవన్నీ వస్తాయి గానీ బడి రాదు. అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

“నాన్నా, ఆ రోజు నేను ఆ ప్రశ్న అడిగుంటే మీరు అప్పుడే బడికి వెళ్లిపోయేవారు,” అన్నాను.

“వెళ్లేవాణ్ణే,” అన్నారు. తీర్పు కాపీ నా చేతికిచ్చి, “ఆ లస్కరు కూతురు మూడో తరగతిలో ముందు బెంచీయే. రోజూ దాని మొహంలోకి చూసి ఏం పాఠం చెప్పేవాణ్ణి?” అన్నారు.